రెజ్యూమే ఏ మోడల్‌లో కొట్టమంటావు?

"అక్కా, నాలుగో మోడల్‌లో కొట్టివ్వు" అని అడిగిన పిల్లల్ని నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. వందల్లోనే ఉంటారు.

తిరుపతి బాలాజీ కాలనీలో మాదొక చిన్న డీటీపీ షాపు. పెట్టి పద్నాలుగేళ్లయింది. జిరాక్స్ మిషన్ మా ఆయన చూసుకుంటాడు, టైపింగ్ నాది. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ రెండూ దగ్గరే కాబట్టి రికార్డులు, థీసిస్‌లు, స్పైరల్ బైండింగ్‌లు ఏడాది పొడుగునా ఉంటాయి. పరీక్షలు అయిపోయే రోజుల్లో మాత్రం వచ్చిన ప్రతి ఒక్కరికీ రెజ్యూమేనే కావాలి. వాళ్లకోసం ఆరు మోడళ్లు లామినేషన్ చేసి గోడకు తగిలించి ఉండేదాన్ని. చీరల కొట్లో చీర చూపించినట్టు వేలుపెట్టి చూపించేవాళ్లు, నేను పేరు, చదువు మార్చి కొట్టిచ్చేదాన్ని. పోయిన ఏడాది ఆ ఆరింటిలో అయిదు తీసేశాను. ఎందుకు తీసేశానో ఇక్కడ రాస్తే ఉద్యోగం కోసం తిరుగుతున్న నలుగురికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

అందరికీ నచ్చింది ఆ నాలుగోదే. పేజీకి ఎడమవైపు నీలం రంగు పట్టీ, అందులో గుండ్రంగా ఫోటో, ఫోటో కింద చిన్న ఫోన్ బొమ్మ పక్కన నంబరు, ఇంకా కిందికి వస్తే కంప్యూటర్ స్కిల్స్‌కి అయిదులో నాలుగు నక్షత్రాలు. చదువు, ప్రాజెక్టు కుడివైపు. చూడ్డానికి పెళ్లి శుభలేఖ అంత అందంగా ఉండేది. మామూలు పేజీకన్నా ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకునేదాన్ని.

పుత్తూరు నుంచి ఒక తమ్ముడు వచ్చేవాడు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్)లో డిప్లొమా, మంచి మార్కులు. రేణిగుంట, వికృతమాల వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు, శ్రీసిటీ కంపెనీలకు, మద్రాసు కంపెనీలకు వరసగా అప్లై చేస్తున్నాడు. మూడు నెలలైనా ఒక్క ఫోన్ రాలేదు. ఒకరోజు ఇంట్లో నెట్ సరిగా లేదని మా షాపు కంప్యూటర్ నుంచే ఒక కంపెనీ వెబ్‌సైట్‌లో అప్లై చేస్తానన్నాడు. సరేనని కుర్చీ ఇచ్చాను. రెజ్యూమే అప్‌లోడ్ చేయగానే ఆ సైటే దాన్ని చదివి, ఫారంలో గళ్లన్నీ తనంతట తానే నింపింది. పిల్లాడు చూడకుండానే సబ్మిట్ నొక్కబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

పేరు రాయాల్సిన గడిలో "స్కిల్స్" అని ఉంది. ఫోన్ నంబరు గడి ఖాళీ. కాలేజీ పేరు ఉండాల్సిన చోట పాలిటెక్నిక్ పేరులో సగం, దాన్ని అంటుకుని "తెలుగు, ఇంగ్లీషు, తమిళం", ఆ వెంటనే మళ్లీ పాలిటెక్నిక్ పేరులో మిగతా సగం. ఇద్దరం స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాం. "అక్కా, నేను అప్లై చేసిన అన్ని చోట్లా ఇట్లే పోయిందా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ పేజీ కొట్టింది నేను. ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకున్నదీ నేనే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

తర్వాత కూర్చుని తెలుసుకుంటే సంగతి అర్థమైంది. పెద్ద కంపెనీలకు ఆన్‌లైన్‌లో పంపే రెజ్యూమేని చాలాచోట్ల ముందు మనిషి చదవడు, ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ చదువుతుంది. మన కంటికి రెండు కాలమ్‌లు విడివిడిగా కనిపిస్తాయి. దానికి అలా కనిపిస్తాయన్న నమ్మకం లేదు. చాలాసార్లు ఎడమ నుంచి కుడికి అడ్డంగా, లైను వెంట లైను చదువుకుంటూ పోతుంది. అందుకే పాలిటెక్నిక్ మధ్యలోకి తమిళం వచ్చి కూర్చుంది. నక్షత్రాలు, ఫోన్ బొమ్మలు దానికి అక్షరాలు కావు. టెక్స్ట్ బాక్సుల్లో పెట్టింది, పేజీ పైన హెడర్‌లో పెట్టింది కొన్ని సాఫ్ట్‌వేర్‌లు వదిలేస్తాయి. నాలుగో మోడల్‌లో పేరూ నంబరూ రెండూ టెక్స్ట్ బాక్సులోనే ఉన్నాయి.

మిషన్ రెజ్యూమేని చించి చెత్తబుట్టలో పారేస్తుందని పిల్లలు భయపడుతుంటారు. మామూలుగా జరిగేది అది కాదు. వచ్చినవన్నీ అది దాచిపెడుతుంది. హెచ్ఆర్‌లో ఉన్న మనిషి "సోల్డరింగ్", "టెస్టింగ్" అని తనకు కావాల్సిన మాట కొట్టి వెతుకుతాడు. ఆ మాటలు సరిగ్గా పడ్డ రెజ్యూమేలు పైకి వస్తాయి. కలగాపులగమైనవి అడుగునే ఉండిపోతాయి. కంపెనీ ప్రకటనలో ఏ మాట వాడితే ఆ మాటే మన రెజ్యూమేలోనూ ఉండాలని అనేది ఇందుకే. చేతనైన పనికి మాత్రమే సుమా. రాని పని పేరు రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మీ రెజ్యూమే ఎలా చదవబడుతుందో తెలుసుకోవడానికి డబ్బులేమీ అక్కర్లేదు. ఫైలు తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరిచి అందులో కంట్రోల్ వీ కొట్టండి. రంగులు, గీతలు అన్నీ పోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. పై నుంచి కిందికి చదవండి. పేరు, నంబరు, చదువు, పని వరసగా అర్థమైతే ఫరవాలేదు. మీకే అర్థం కాకపోతే మిషన్‌కీ కాదు. అసలు కాపీనే కాకపోతే అది ఫోటో అన్నమాట. ప్రింటవుట్‌ని ఫోన్‌తో ఫోటో తీసి, దాన్నే పీడీఎఫ్ చేసి పంపేవాళ్లు వారానికి ఇద్దరైనా కనిపిస్తారు నాకు. వర్డ్‌లో తయారు చేసి అక్కడినుంచే పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోవాలి. కంపెనీ వర్డ్ ఫైలే అడిగితే వర్డే పంపాలి.

పుత్తూరు తమ్ముడికి మళ్లీ కొట్టిచ్చాను. తెల్ల కాగితం, ఒకటే కాలమ్, పదకొండు సైజులో కాలిబ్రి అక్షరాలు, ఫోటో లేదు. డబ్బులు తీసుకోలేదు.

అందం సంగతి అది. అసలు ఫార్మాట్ అనేది అందం గురించి కాదని నాకు తెలిసింది ఇంకొంచెం తర్వాత. మన జీవితంలో ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అనే వరసే ఫార్మాట్. రెజ్యూమే అనేది ఫ్రెంచి మాట, సారాంశం అని అర్థం. సీవీ అని మనం పొట్టిగా అనే కరికులం వీటే లాటిన్‌లో జీవిత గమనం. జీవితమంతా చెప్పేది ఒకటి, ముఖ్యమైనది ఏరి చెప్పేది ఒకటి. ఎస్వీయూలో రీసెర్చ్ చేసే పిల్లలు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకో, విదేశాల్లో పోస్ట్‌డాక్‌కో (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్‌కో) వెళ్లేటప్పుడు కావాల్సింది సీవీ. పేపర్లు, సెమినార్లు అన్నీ రాయాలి, అయిదారు పేజీలైనా తప్పులేదు. ఒక పేజీలో కుదించమని ఒకమ్మాయి బతిమాలితే నేను ఒప్పుకోలేదు. గవర్నమెంటు ఉద్యోగానికైతే ఈ రెండూ అక్కర్లేదు. వాళ్ల అప్లికేషన్ ఫారం ఎలా ఉంటే అలాగే నింపాలి.

కంపెనీ ఉద్యోగాలకు వాడే వరసలు మూడు. చివరి ఉద్యోగం పైన పెట్టి వెనక్కి నడుచుకుంటూ పోయేది రివర్స్ క్రొనలాజికల్. సంవత్సరాలు పక్కనబెట్టి వచ్చిన పనులే చెప్పేది ఫంక్షనల్. పైన పనులు నాలుగు లైన్లలో చెప్పి, కింద ఉద్యోగాలు సంవత్సరాలతో సహా చెప్పేది కాంబినేషన్.

పదిమందిలో ఎనిమిదిమందికి మొదటిదే సరిపోతుందని నా అనుభవం. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు ముందు ఏమడుగుతారు? "అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు?" అనే కదా. ఒకటో తరగతి ఏ బడిలో చదివాడని మొదలుపెట్టరు. ఉద్యోగం ఇచ్చేవాడికీ అంతే. మన పిల్లలు మాత్రం టెన్త్‌తో మొదలుపెట్టి, ఇంటర్ చెప్పి, చిట్టచివర బీటెక్ రాస్తారు. సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకున్న వరస అది. ఉద్యోగం చేయని ఫ్రెషర్ అయినా పై చదువే పైన ఉండాలి, దాని కిందే ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్. ప్రాజెక్టు అంటే పేరొక్కటే రాస్తే చాలదు. అందులో నువ్వు చేసిందేమిటో రెండు లైన్లు రాయాలి. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో నీ వంతు చెప్పమంటే చాలామంది ఆలోచనలో పడతారు. ఆ ఆలోచన ఇంటర్వ్యూలో పడేకంటే నా షాపులో పడటం మంచిది.

పాత బయోడేటా అలవాట్లు కూడా ఇంకా పోలేదు. తండ్రి పేరు, మతం, కులం, పెళ్లయిందా లేదా, ఆధార్ నంబరు, ఇవన్నీ ప్రైవేటు కంపెనీకి పంపే కాగితంలో అవసరం లేదు. ఆధార్ నంబరైతే అసలు పెట్టకండి, ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో ఎవరికి తెలుసు. డోర్ నంబరుతో సహా అడ్రసు కూడా వద్దు, ఊరు, జిల్లా చాలు. జిల్లా దగ్గర మావాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయింది. శ్రీకాళహస్తి, చంద్రగిరి పిల్లల పాత సర్టిఫికెట్లలో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. ఏది రాయాలక్కా అని టెన్షన్ పడతారు. ఇప్పుడున్న జిల్లా రాస్తే సరిపోతుంది.

ఇక చివర్లో డిక్లరేషన్, అంటే పైన రాసిందంతా నిజమేనని చెప్పి సంతకం పెట్టే నాలుగు లైన్లు. స్నేహితుడి రెజ్యూమే కాపీ చేసి పైనంతా మార్చి, కింద సంతకం దగ్గర స్నేహితుడి పేరే వదిలేసిన కాగితాలు నేనెన్నో చూశాను. అడగనిచోట ఆ నాలుగు లైన్లే తీసేయండి, ఆ చోటులో ఇంకొక పని రాసుకోవచ్చు.

ఇప్పుడు చంద్రగిరి చెల్లెలి గురించి చెప్పాలి. నిజానికి ఇది రాయడం మొదలుపెట్టింది ఆమె కోసమే.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. డిప్లొమా అవగానే 2011లో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్)లో చేరింది. ఆరేళ్లు చేసింది. 2017లో అత్తగారికి పక్షవాతం వచ్చింది. చిన్నబిడ్డకు అప్పటికి ఏడాది. మానేసింది. అత్తగారు మంచంలోనే ఏడేళ్లున్నారు. ఆమె పోయాక, పిల్లలిద్దరూ బడికి పోతున్నారు కాబట్టి మళ్లీ ఉద్యోగం చూసుకోవాలని నా దగ్గరికి వచ్చింది. వస్తూనే, "అక్కా, సంవత్సరాలు కనపడకుండా ఒక మోడల్ ఉందంట కదా, అందులో కొట్టు" అంది. ఎవరో చెప్పారట. నాకూ అప్పుడు అంతకంటే తెలీదు. ఫంక్షనల్ మోడల్‌లో చక్కగా కొట్టిచ్చాను. ఇన్‌స్పెక్షన్, టెస్టింగ్, రిపోర్టులు, టీమ్ వర్క్ అని నాలుగు హెడ్డింగులు. ఎక్కడా ఒక్క సంవత్సరం లేదు.

ఒకచోట నుంచి పిలుపు వచ్చింది. వెళ్లొచ్చి షాపు ముందు స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్లు తాగి చెప్పింది. అక్కడాయన కాగితం తిరగేసి, మళ్లీ ముందుకు తిప్పి, "ఇవన్నీ ఎప్పుడు చేశారమ్మా?" అన్నాడట. చెప్పింది. "చివరి ఉద్యోగం ఎప్పుడు మానేశారు?" 2017 అని చెప్పింది. "మరి ఇందులో ఎందుకు రాయలేదు?" దానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత అన్ని ప్రశ్నలూ ఆ ఎనిమిదేళ్ల చుట్టూనే. "పని గురించి ఒక్కమాట అడగలేదక్కా. దొంగతనం చేసి దొరికినట్టు కూర్చున్నా" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మంచాన పడ్డ మనిషికి ఏడేళ్లు సేవ చేసింది ఆమె. అందులో దాచుకోవాల్సింది ఏముంది? దాచిపెట్టే కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి పంపింది నేను. సంవత్సరాలు లేని రెజ్యూమే చూడగానే చదివేవాడు ముందు వెతికేది ఆ సంవత్సరాల కోసమే. మూత పెట్టిన గిన్నెనే కదా అందరూ తెరిచి చూసేది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక మళ్లీ కూర్చున్నాం. ఈసారి కంప్యూటర్ ముట్టలేదు, తెల్లకాగితం తీసుకున్నాను.

"ఏం పని చేసేదానివి?"

"క్యూసీ అక్కా."

"క్యూసీ అంటే నాకు తెలీదు. పొద్దున గేటు లోపలికి పోయినప్పటినుంచి చెప్పు."

చెప్పింది. షిఫ్టు ఎక్కగానే ముందు షిఫ్టువాళ్ల రిజెక్షన్ రిజిస్టరు చూడాలి. ఏ తప్పులు ఎక్కువ వచ్చాయో గుర్తుపెట్టుకోవాలి. బోర్డులు తయారయ్యే లైను మీద ప్రతి లాటు నుంచి కొన్ని తీసి, భూతద్దం దీపం కింద సోల్డరింగ్ అతుకులు చూడాలి. సీసం రెండు కాళ్ల మధ్య కలిసిపోయిందా, పైకి అతుక్కున్నట్టు కనిపించినా లోపల పట్టుకోలేదా అని. మల్టీమీటర్‌తో టెస్ట్ చేయాలి. తేడా ఉన్నదానికి ఎర్ర స్టిక్కర్ వేసి పక్కన పెట్టాలి. చెబుతుంటే ఆమె చెయ్యి గాలిలోనే బోర్డు పట్టుకున్నట్టు తిరుగుతోంది.

"ఒకే తప్పు వరసగా వస్తే?"

"మూడుసార్లు వస్తే లైన్ ఆపించేస్తా."

"నువ్వా? ఎవరినీ అడగకుండానా?"

"ఆపినాకే సూపర్‌వైజర్‌ని పిలిచేది. ఆపకపోతే అన్నీ అట్లే పోతాయి కదక్కా."

"ఇది ఇంతవరకూ ఎందుకు చెప్పలేదు?"

"అది పనే కదా, చెప్పేదేముంది?"

లైన్ ఆపే బాధ్యత ఒకరి చేతిలో పెట్టారంటే ఆ మనిషి కంటిని కంపెనీ నమ్మినట్టు. మేం మొదటి హెడ్డింగ్ కింద మొదటి లైనుగా దాన్నే రాశాం. ఇలాంటి లైను ఏ మోడల్‌లోనూ దొరకదు. పొద్దున గేటు దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటూ వస్తే మధ్యలో ఎక్కడో పడుతుంది.

అప్పుడు మానేసిన తర్వాతి ఏళ్ల గురించి అడిగాను. "ఇంట్లోనే ఉన్నా" అంది. ఇంకొంచెం అడిగితే వాళ్ల వీధిలో పొదుపు సంఘానికి లీడర్ అని తెలిసింది. పదిమంది ఆడవాళ్లు. నెలనెలా పొదుపు వసూలు, బ్యాంకులో కట్టడం, లోన్ వాయిదాలు, తీర్మానాల పుస్తకం అన్నీ ఆమే రాసేది. "అది ఉద్యోగం కాదు కదక్కా" అంది. ఉద్యోగం కాకపోవచ్చు. కానీ పదిమంది డబ్బుకు అయిదేళ్లు లెక్క రాసి ఒక్కరితోనూ మాట పడని మనిషి రిజిస్టరు ఎంత జాగ్రత్తగా రాస్తుందో చదివేవాడికి తెలియాలి.

కాంబినేషన్ మోడల్ తీసుకున్నాం. పైన నాలుగు లైన్లలో ఆమెకు వచ్చిన పని. దాని కింద సంవత్సరాలతో చరిత్ర, కొత్తది పైన, పాతది కింద. మొదట "2017 – 2025" అని రాసి, కుటుంబంలో అనారోగ్యం వల్ల ఉద్యోగ విరామం, ఈ కాలంలోనే పొదుపు సంఘం లెక్కలు, బ్యాంకు పనులు చూశాను అని ఇంగ్లీషులో రెండు లైన్లు. దాని కింద "2011 – 2017", కంపెనీ పేరు, చేసిన పనులు. విరామం గురించి అంతకుమించి ఒక్క మాట రాయలేదు. కథ రాస్తే జాలి కోసం రాసినట్టుంటుంది. అసలు రాయకపోతే దాచినట్టుంటుంది. రెండు లైన్లు చాలు.

మొత్తం ఒక పేజీకి సరిపోయింది. పేజీ పైన ఫోన్ నంబరు కొంచెం పెద్ద అక్షరాల్లో పెట్టాను. జాబ్ మేళాలో బల్ల మీద కట్టలు కట్టలుగా కాగితాలుంటాయి. సాయంత్రం వాటిని తిరగేసి ఫోన్ చేసేవాళ్లకు నంబరు వెతుక్కునే పని ఉండకూడదు. ఆమెకు ప్రింట్లు పది తీసిచ్చాను, పీడీఎఫ్ ఫోన్‌కి పంపాను. ఫైలుకు "న్యూ రెజ్యూమే ఫైనల్ 2" అని కాకుండా ఆమె పేరు, పక్కన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ అని పెట్టాను.

రెండుచోట్ల నుంచి పిలిచారు. ఒకటి నైట్ షిఫ్టు, పిల్లలతో కుదరదని వదులుకుంది. రెండోది రేణిగుంట వైపు. అక్కడ ఇంటర్వ్యూ చేసిన మేడం ఆ రెండు లైన్లు చదివి, "ఇప్పుడెలా ఉన్నారు ఇంట్లో?" అని అడిగిందట. పోయారని చెప్పింది. ఒక నిమిషం ఆగి, "లైన్ ఆపేవాళ్లా మీరు? చివరిసారి ఎందుకు ఆపారో చెప్పండి" అందట. అక్కణ్నుంచి అరగంట సోల్డరింగ్ గురించే మాట్లాడుకున్నారట. జనరల్ షిఫ్టు. మెడికల్ అయిపోయాక ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు.

ఒకటో తేదీ పొద్దున ఏడుగంటలకు ఫోన్. వెనకాల బస్సు చప్పుడు. "అక్కా, పోతా ఉండా. నా ఫైలు డిలీట్ చేసేయద్దు, మళ్లీ మార్చుకోవాల్సి వస్తాది కదా" అంది. చేయనని చెప్పాను. షాపు తెరిచాక కంప్యూటర్ ఆన్ చేసి, ఆమె ఫైలు తీసి, "2017 – 2025" అన్న దాని పైన ఒక కొత్త లైను చేర్చి సేవ్ చేశాను.